మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి తేదీలు నేర్పించాం: ఐదు నెలల నా అనుభవం

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ డిస్ట్రిబ్యూషన్ కంపెనీలో పదమూడేళ్లుగా పనిచేస్తున్నాను. సబ్బులు, బిస్కెట్లు, తలనూనెలు, కూల్‌డ్రింకులు మా సరుకు. గుడివాడ బ్రాంచిలో బీడీలు, పాన్ మసాలా కూడా ఉన్నాయి. మొత్తం మూడు బ్రాంచీలు, రోజుకు 600 బిల్లుల దాకా అవుతాయి. నేను చేరింది అకౌంట్స్‌లో. బిల్లింగ్, స్టాకు, వసూళ్లు అన్నీ నడిచే మా సాఫ్ట్‌వేర్ 2011లో మా కోసమే ప్రత్యేకంగా రాయించింది. రాసిన అన్న 2016లో డాలస్ వెళ్లిపోయారు. అప్పటికే ఆయన పక్కన కూర్చుని కొంత నేర్చుకున్నాను కాబట్టి ఆ బాధ్యత నాకు వచ్చింది.

2025 సెప్టెంబరు 3, బుధవారం. రాత్రి పొద్దుపోయాక టీవీలో జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయాలు చెప్తున్నారు. 12 శాతం, 28 శాతం స్లాబులు ఎత్తేస్తున్నారు. ఇక ఎక్కువ సరుకులకు 5, 18 మాత్రమే, కొన్నిటికి 40. అమలు సెప్టెంబరు 22 నుంచి, పొగాకు సరుకులకి, పాన్ మసాలాకి మాత్రం తర్వాత. మా ఓనర్ గారు వెంటనే ఫోన్ చేశారు. "ఏమ్మా, మన సాఫ్ట్‌వేర్‌కి ఇబ్బందేం లేదుగా?" అన్నారు. "లేదండి, చూసుకుంటాను" అన్నాను. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఇబ్బంది ఉందని నాకు తెలుసు. ఎంత ఉందో తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఏడింటికి ఆఫీసుకి వెళ్లి కోడ్ మొత్తంలో 12, 18, 28 అనే అంకెల కోసం వెతికించాను. పన్ను కోసం వాడిన చోట్లు 187 తేలాయి. ఐటం మాస్టర్‌లో (సరుకులన్నిటి వివరాలుండే పట్టికలో) రేటు మారిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మాకూ మాస్టర్‌లో రేటు గడి ఉంది. కానీ ఏళ్ల తరబడి తొందరలో చేసిన మార్పుల్లో అదే అంకె వేరే చోట్లకీ పాకింది. బిల్లు అడుగున పన్ను వివరం చూపించే నాలుగు గళ్లు 5, 12, 18, 28 అని గట్టిగా రాసేసి ఉన్నాయి. నెలవారీ రిటర్న్ ఫైలు తీసే ప్రొసీజర్‌లో అవే నాలుగు కాలమ్‌లు. 28 ఉంటే సెస్ (అదనపు పన్ను) కూడా కలపాలని ఇంకోచోట. వాటిలో సగం నేను రాసినవే. ఒక్కోటీ చూస్తుంటే అది ఏ రోజు, ఎవరు తొందరపెడితే రాశానో కూడా గుర్తొచ్చింది.

చేతిలో 18 రోజులు. మొదటి రెండు వారాలు కౌన్సిల్ ప్రకటన చూసి పనిచేశాం. అధికారికంగా నోటిఫికేషన్ వచ్చింది సెప్టెంబరు 17న, అంటే అమలుకి ఐదు రోజుల ముందు. మా దగ్గర 2,300 పైచిలుకు ఐటమ్‌లున్నాయి. టాయిలెట్ సబ్బు బిళ్లకి 18 నుంచి 5 అయింది, అదే కంపెనీ లిక్విడ్ సబ్బుకి 18 అలాగే ఉంది. టూత్‌పేస్ట్ 5కి వచ్చింది, మౌత్‌వాష్ రాలేదు. మా మాస్టర్‌లో ఇవన్నీ "సబ్బులు", "పళ్ల సరుకు" అనే గ్రూపుల్లో కలిసిపోయి ఉన్నాయి. అకౌంట్స్ మేడమ్, నేను రెండు రోజులు గొడౌన్‌లో అట్టపెట్టెల మధ్య కూర్చుని ఒక్కో ప్యాకెట్ తిప్పి చూసి హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (పన్ను కోసం సరుకు రకాన్ని చెప్పే నంబరు) సరిచేశాం. సాఫ్ట్‌వేర్ మార్పు అంటే కంప్యూటర్ ముందు జరిగే పని అనుకునేదాన్ని. ఎక్కువ సమయం తీసుకున్నది ఈ గొడౌన్ పనే.

ఈలోగా వ్యాపారం ఆగిపోయింది. పన్నులు తగ్గుతాయని ఆగస్టు 15న ఎర్రకోట ప్రసంగంలో వినగానే షాపుల వాళ్లు ఆర్డర్లు తగ్గించారు. తేదీ తెలిశాక పూర్తిగా మానేశారు. "22 తర్వాతే వెయ్యండి మేడమ్, ఇప్పుడు దింపితే మాకు నష్టం" అనేవాళ్లు. వాళ్లని తప్పు పట్టలేం. గొడౌన్ నిండా 18 శాతం కట్టి కొన్న సరుకు, అమ్మబోయేది 5 శాతానికి. కట్టిన పన్ను మా ఖాతాలో క్రెడిట్‌గా ఉంటుంది కానీ ఆ డబ్బు అంతకాలం కదలదు.

సెప్టెంబరు 21 ఆదివారం. రాత్రి తొమ్మిదికి మూడు బ్రాంచీల్లో బిల్లింగ్ ఆపేశాం. రేపటి నుంచి బయటికెళ్లే ఏ సరుకుకీ పాత బిల్లు పంపొద్దని ఆడిటర్ గారు ముందే గట్టిగా చెప్పారు. పన్నెండున్నరకి కొత్త రేట్లు ఎక్కించడం మొదలుపెట్టాను. తెల్లవారితే ఇంద్రకీలాద్రి మీద శరన్నవరాత్రులు మొదలు. వన్‌టౌన్‌లో దారులు మళ్లిస్తారు కాబట్టి మా వ్యాన్లు తెల్లవారుజామునే లోడ్ అయి బయటపడాలి. మూడున్నరకి మొదటి బిల్లు తీశాం. సబ్బులు సరిగ్గా వచ్చాయి. బిస్కెట్లు సరిగ్గా వచ్చాయి. కూల్‌డ్రింక్ కేసుల బిల్లు ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్ (బిల్లులు నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైట్) దగ్గర ఆగిపోయింది.

కూల్‌డ్రింకులకి అంతకుముందు 28, దానిమీద 12 సెస్, కలిపి 40. ఇప్పుడు నేరుగా 40, సెస్ లేదు. షాపు వాడు కట్టేది అంతే. మా కోడ్‌కి మాత్రం 40 అనే గడే లేదు. ఆ పన్ను మొత్తంలో కలుస్తోంది, వివరంలో కనిపించడం లేదు, రెండూ పొసగడం లేదు. వ్యాన్ డ్రైవర్లు బయట నిలబడి హారన్ కొడుతున్నారు. నా చేతులు వణికాయి. డాలస్‌లో అప్పుడు ఆదివారం సాయంత్రం. అన్నకి ఫోన్ చేశాను. "చెల్లెమ్మా, గుడివాడ తప్ప మిగతా రెండు చోట్లా 28 గడి ఇప్పుడు ఖాళీగా ఉంది కదా, దాని మీదే 40 అని రాసెయ్, ఈ పూటకి గడుస్తుంది" అన్నారు. అలాగే చేశాను. ఐదుం పావుకి వ్యాన్లు కదిలాయి. ఆ పూటకి గడిచింది. కానీ ఆ ఒక్క వాక్యంతో ఆగస్టు నెల పాత బిల్లుని మళ్లీ ప్రింట్ తీస్తే దాని మీద కూడా 40 అని పడుతుందని రెండు రోజుల తర్వాత తెలిసింది.

అసలు దెబ్బ అక్టోబరు 9న తగిలింది. సెప్టెంబరు రిటర్న్ 11లోగా వేయాలి. అకౌంట్స్ మేడమ్ క్రెడిట్ నోట్‌లు (వెనక్కి వచ్చిన సరుకు విలువ తగ్గిస్తూ ఇచ్చే పత్రాలు) సరిచూస్తూ నన్ను పిలిచారు. ఆగస్టులో 18 శాతానికి అమ్మిన తలనూనె సీసాలు సెప్టెంబరు 25న డ్యామేజీ కింద వెనక్కి వచ్చాయి. అమ్మినప్పటి రేటుతోనే క్రెడిట్ నోట్ ఇవ్వాలి. మా సాఫ్ట్‌వేర్ ఈ రోజు రేటు 5 అని చూసి, దానితో ఇచ్చేసింది. 22 నుంచి 30 దాకా అలాంటివి 63 దొరికాయి. అక్టోబరు మొదటి వారంలో ఇంకో 41.

తప్పు ఎక్కడుందో చూస్తే చాలా చిన్నది. మా బిల్లు లైనులో రేటు దాచుకోవడం లేదు. ఐటం పేరు, పరిమాణం, ధర దాచుకుంటుంది. రేటు కావాల్సినప్పుడల్లా మాస్టర్‌లోకి వెళ్లి చూస్తుంది. మాస్టర్‌కి ఇవాళ్టి సంగతే తెలుసు, నిన్న ఏముందో తెలియదు. 2017 నవంబరులో చాలా సరుకులు 28 నుంచి 18కి తగ్గినప్పుడూ ఇదే జరిగి ఉండాలి. అప్పుడు ఎవరూ గమనించలేదు. ఆ ఆలోచన వచ్చాక రెండు రోజులు అన్నం సయించలేదు.

104 పార్టీలకి ఫోన్ చేసి పాత నోట్‌లు రద్దు చేసి కొత్తవి పంపాం. కొందరు విసుక్కున్నారు. మైలవరం దగ్గర ఒక షాపు పెద్దాయన మాత్రం "తప్పు మీరే చెప్పారు కదమ్మా, ఏం ఫర్లేదు" అన్నారు. ఆ మాట ఆ వారమంతా నన్ను నిలబెట్టింది.

అక్టోబరు చివర్లో ఓనర్ గారితో కూర్చున్నాం. వ్యాపారమంతా ఒకేచోట నడిపే, పేరున్న ఒక ఈఆర్‌పీ ప్యాకేజీకి మారితే 22 లక్షలు, ఆ పైన ఏటా మెయింటెనెన్స్, ఆరు నుంచి తొమ్మిది నెలలు అని కొటేషన్ వచ్చింది. మా స్కీములు, సేల్స్‌మన్ లైన్లు, ఎక్స్‌పైరీ సరుకు తీసుకునే పద్ధతి అందులో ఇమడాలంటే మళ్లీ కోడ్ రాయించాలన్నారు. అంటే ఇవే అంకెలు కొత్త చోట మళ్లీ కోడ్‌లోకి ఎక్కుతాయి. ఉన్నదాన్నే లోపలి నుంచి బాగుచేద్దాం అన్నాను. ఓనర్ గారు ఐదు నెలలు, ఐదు లక్షలు ఇచ్చారు. బెంజ్ సర్కిల్ దగ్గర చిన్న ఆఫీసు పెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లని పెట్టుకున్నాం.

నవంబరు 3న పని మొదలైంది. మొదటి మూడు వారాలు ఒక్క వరుస కోడ్ రాయనివ్వలేదు. ఒక లాంగ్ నోటుబుక్ తీసుకుని, కంపెనీలో సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చిన ప్రతి సందర్భం పాత మెయిళ్లు, వోచర్లు చూసి రాశాం. 2014లో రాష్ట్రం విడిపోవడం. 2017 జులై 1న జీఎస్టీ, అందులో ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36 అనే రాష్ట్ర కోడ్‌లు. 2018లో సరుకు రవాణాకి ఈ-వే బిల్లు. 2020 అక్టోబరులో అమ్మకాల మీద టీసీఎస్ (కొనేవాళ్ల దగ్గర అమ్మేవాళ్లు వసూలు చేసే పన్ను), 2025 ఏప్రిల్ 1న అది ఎత్తేయడం. 2021లో ఆరంకెల హెచ్‌ఎస్‌ఎన్. 2022 ఏప్రిల్ మొదటి వారం నాకు బాగా గుర్తు. 1న మాలాంటి 20 కోట్ల టర్నోవర్ దాటిన వాళ్లకి ఈ-ఇన్‌వాయిస్ వచ్చింది, 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. ఒక్క రాత్రిలో మా విజయవాడ కృష్ణా జిల్లా నుంచి ఎన్‌టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. జిల్లాల వారీ అమ్మకాల రిపోర్టు నెల రోజులు తప్పుగా వచ్చింది.

"మూడు వారాలుగా పుస్తకంలో రాసుకుంటున్నారు, పని ఎప్పుడమ్మా?" అని ఓనర్ గారు రెండుసార్లు అడిగారు. ఆ నోటుబుక్కే పని అని నాకు అనిపించింది, చెప్పడానికి మాత్రం భయమేసింది. రేపు ఏం మారుతుందో ఊహించి సాఫ్ట్‌వేర్ రాయలేం. ఇన్నేళ్లలో మాకు ఏవేవి మారాయో మాత్రం మా దగ్గరే ఉంది. అన్నీ కలిపి చూస్తే ఐదు రకాలే: రేటు, పరిమితి, కోడ్, ప్రాంతం, ఫారం నమూనా. వీటిని కోడ్‌లోంచి బయటికి తీసి పట్టికల్లో పెట్టాలి, ప్రతిదానికీ "ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు" అనే రెండు తేదీలు ఉండాలి. పాత వరుసని ఎవరూ చెరపకూడదు. దాన్ని ముగించి కింద కొత్తది రాయాలి. బిల్లు తయారైన రోజు ఏ రేటు, ఏ కోడ్ వాడిందో బిల్లు లైనే తనతో మోసుకెళ్లాలి. నవంబరు 24న ఇది ఒక్క పేజీలో రాసి ఓనర్ గారికి చూపించాను. ఆయన చదివి, "మా నాన్నగారి చిట్టా పుస్తకంలో కూడా కొట్టివేత ఉండేది కాదమ్మా, కింద ఇంకో పద్దు రాసేవారు" అన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ పని గురించి అడగలేదు.

కోడ్ మార్చడం కన్నా, మార్చింది సరిగ్గా ఉందని నమ్మడం కష్టమైంది. కుర్రాళ్లు ఒక మంచి పని చేశారు. మూడేళ్ల బిల్లులు, ఐదు లక్షల పైచిలుకు, కొత్త కోడ్‌తో మళ్లీ లెక్క కట్టించి పాత మొత్తాలతో పైసా పైసా పోల్చారు. మొదటి రాత్రి 11,000 బిల్లులు తేడా వచ్చాయి. గుండె జారిపోయింది. చూస్తే చాలావరకు ఒక్క పైసా తేడా. పాత కోడ్ బిల్లు మొత్తానికి ఒకసారి పైసలు సర్దేది (రౌండ్ చేసేది), కొత్తది లైను లైనుకీ సర్దుతోంది. పాత పద్ధతే ఉంచమన్నాను. అది పోయాక 312 మిగిలాయి. వాటిలో 290 దాకా స్కీము కింద ఫ్రీ ఇచ్చిన పీసుల దగ్గర పాత కోడ్‌దే తప్పు. ఎనిమిదేళ్లుగా ఉన్న తప్పు. దీన్ని ఆడిటర్ గారికి చెప్పడానికి ఒక రోజంతా పట్టింది నాకు.

రిటర్న్ సరుకుకి ఇంకో చిక్కు. అమ్మినప్పటి రేటు కావాలంటే ఏ బిల్లుదో తెలియాలి. షాపు వాళ్లు ఎక్స్‌పైరీ సరుకంతా ఒక సంచిలో వేసి ఇస్తారు, బిల్లు నంబరు ఎవరూ చెప్పరు. కుర్రాళ్లు బిల్లు నంబరు తప్పనిసరి చేశారు. సేల్స్‌మన్‌లు ఒక వారం ఏదో ఒక నంబరు కొట్టి పంపారు. అది తీసేసి, ఆ పార్టీకి ఆ ఐటం వెళ్లిన చివరి మూడు బిల్లులు, బ్యాచ్ నంబర్లతో సహా ఫోన్‌లో చూపించి ఎంచుకోమన్నాం. అప్పటి నుంచి సరిగ్గా వస్తున్నాయి. ఈ మాట సేల్స్‌మన్‌లని మొదటే అడిగి ఉంటే వారం మిగిలేది.

బిల్లింగ్ కౌంటర్‌లో కూడా ఇలాంటిదే. కొత్త స్క్రీన్ అందంగా ఉంది కానీ మౌస్ కావాలి. నిమిషంలో బిల్లు కొట్టే మా కుర్రాడికి మూడు నిమిషాలు పట్టింది. వాడు ఏమీ అనలేదు, సాయంత్రానికి కళ్లు ఎర్రబడ్డాయి. మర్నాడు పాత ఎఫ్-కీలు అన్నీ తిరిగి పెట్టించాను.

డిసెంబరు 22న ముందు గుడివాడ బ్రాంచిలో, అక్కడే బిల్లులు తక్కువ కాబట్టి. రెండు వారాలు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపాం, ప్రతి బిల్లూ రెండుసార్లు కొట్టాలి. ఓవర్‌టైం ఖర్చు 38,000 అయింది, బడ్జెట్‌లో ఇది రాయలేదు. సంక్రాంతి ముందు మెయిన్ బ్రాంచి జోలికి వెళ్లొద్దని అందరం అనుకున్నాం. పండుగ అయ్యాక జనవరి 19న విజయవాడ, ఆ తర్వాతి సోమవారం ఏలూరు మారాయి.

రేట్లు ఇప్పుడు అకౌంట్స్ మేడమ్ స్క్రీన్‌లో మార్చగలరు, నన్ను పిలవక్కర్లేదు. ఆ స్వేచ్ఛకి ఒక భయం ఉంది. ట్రయల్‌లో ఆమె 2026 బదులు 2025 అని కొట్టారు. ఒక్క అంకెతో ఏడాది రేట్లు వెనక్కి మారబోయాయి. అందుకని ఇప్పుడు ఒకరు ఎక్కిస్తే ఇంకొకరు ఒప్పుకోవాలి. ఒప్పుకునే ముందు ఎన్ని ఐటమ్‌లు మారుతున్నాయో, నమూనా బిల్లు ఎలా ఉంటుందో చూపిస్తుంది. వెనకటి తేదీ వేస్తే అస్సలు తీసుకోదు.

అసలు పరీక్ష అనుకోకుండా వచ్చింది. డిసెంబరు 31న పొగాకు సరుకుల నోటిఫికేషన్‌లు వచ్చాయి, అమలు ఫిబ్రవరి 1 నుంచి. బీడీలు 28 నుంచి 18కి. మేడమ్ జనవరి 21న స్క్రీన్‌లో ఎక్కించారు, నేను ఒప్పుకున్నాను. నాలుగు నిమిషాలు. సెప్టెంబరులో 18 రోజులు పట్టిన పని. మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు, ఆమె వెళ్లి ఇద్దరికీ టీ తెచ్చారు.

పాన్ మసాలాకి మాత్రం అలా జరగలేదు. దానికి రేటు 40 కావడమే కాదు, పన్ను దేని మీద వేయాలన్నది కూడా మారింది. ఇన్నాళ్లూ జీఎస్టీని మేం అమ్మిన ధర మీద వేసేవాళ్లం. ఇప్పుడు ప్యాకెట్ మీది ఎంఆర్‌పీ నుంచి వెనక్కి లెక్క కట్టాలి. మా నోటుబుక్‌లో రాసుకున్న మార్పుల్లో ఇది లేదు. జీఎస్టీ విషయంలో ఇన్నేళ్లలో మాకు ఎప్పుడూ రాలేదు. పన్ను వేసే ఆధారం అమ్మకం ధరే అని కోడ్‌లో పాతుకుపోయి ఉంది, మేం దాన్ని మారేదిగా చూడనే లేదు. మళ్లీ కోడ్ ముట్టుకోవాలి.

కానీ ఈసారి వెతికితే 187 చోట్లు లేవు. లెక్క కట్టేది ఒక్కచోటే. పట్టికలో "పన్ను దేని మీద" అని ఇంకో కాలమ్ కలిపి, దానికీ రెండు తేదీలు పెట్టాం. తొమ్మిది రోజులు పట్టింది, అందులో ఆరు రోజులు పాత బిల్లులతో పోల్చి చూడటానికే. ఫిబ్రవరి 1 ఆదివారం కాబట్టి మొదటి బిల్లు 2న గుడివాడలో పడింది. నేను ఇంట్లోనే ఉండి ఫోన్‌లో ఫొటో చూశాను. జనవరిలో అమ్మిన పాన్ మసాలా ఒక పెట్టె అదే రోజు వెనక్కి వచ్చింది. దాని క్రెడిట్ నోట్ పాత రేటుతో, పాత పద్ధతిలో, సెస్‌తో సహా దానంతట అదే వచ్చింది.

మొత్తం ఖర్చు 5,64,000 అయింది, అనుకున్నదానికన్నా 64,000 ఎక్కువ. అందులో ఓవర్‌టైం, రెండో సర్వర్ అద్దె, గుడివాడకి తిరిగిన కారు ఖర్చు ఉన్నాయి. జిల్లాల రిపోర్టు, సేల్స్‌మన్ ఇన్సెంటివ్ లెక్క ఇంకా పాత కోడ్‌లోనే ఉన్నాయి. ఇన్సెంటివ్ శాతాలు ఏటా ఏప్రిల్‌లో మారతాయి, ముందు దాన్ని పట్టుకున్నాం. నోటుబుక్‌లో ఫిబ్రవరి 1 కింద కొత్త వరుస రాసి, పక్కన "ఆధారం" అని ఆరో రకం చేర్చాను.